పరుపు బట్ట ముక్కలు నావి కావు

ఏడో తరగతి పరీక్ష రెండుసార్లు రాసిన, రెండుసార్లూ తప్పిన. పీజీ క్లాసులు మాత్రం ఒక్కసారికే గట్టెక్కిన. ఏడో తరగతి నా పేరు మీద రాసిన, పీజీ క్లాసులల్ల వేరేటోని పేరు మీద కూసున్న. నా తెలివికి అడ్డం పడ్డది నా పేరేనని అట్ల తెలిసింది.

నవ్వుండ్రి. పెండ్లిళ్ళల్ల మైకు పట్టుకొని పందిరి కింద ఉన్నోళ్ళందర్నీ నవ్వించేటోణ్ణి, ఈ ఒక్క జోకు మాత్రం ఏండ్ల సంది ఎవలకూ చెప్పలే. చెప్పని జోకు రాయి అయితది. కడుపుల కూసుంటది. ఎంత మంచి కూర తిన్నా పోయి దాని మీదనే పడ్తది. ఇగ దీన్ని మోసుడు నాతోని గాదు. మీరెవలో నాకు ఎరుకలేదు, నేనెవలో మీకు ఎరుకలేదు. గింతకంటె మంచి దోస్తాని ఏముంటది? నా పేరు మాత్రం అడగకుండ్రి.

ముందుగాల ఒక మాట. నేను చేసిన తప్పు ఏదో నేనే చెప్త. మీరు తొందరపడి వేరేదాన్ని పట్టుకొని నన్ను తిట్టకుండ్రి.

ఇబ్రహీంపట్నంల టెంట్‌హౌసోళ్ళకు మైకులు, లైట్లు కట్టుడు నా పని. మా బామ్మర్ది, అంటే మా ఇంటామె తమ్ముడు శ్రీకాంత్, డిగ్రీ చదివి సాగర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్ముతుండె. ఎవడో చెప్పిండని ఒక కోర్సుల చేరిండు. బడిల లైబ్రరీ ఎట్ల నడపాలె, కంప్యూటరు, ప్రొజెక్టరు పెట్టి పిల్లలకు పాఠం ఎట్ల చూపియ్యాలె, రెండూ కలిపి నేర్పే పీజీ అది. ఇంట్ల ఉండి చదువుకోవచ్చు గని, ఆదివారం క్లాసులకు మాత్రం మనిషి పోవాలె. మా దిక్కు ఆదివారమంటే ప్లాట్లు చూపిచ్చే దినం. కార్లల్ల కుటుంబాలతోని వస్తరు, చేన్ల నిలవడి ఇది మన హాలు, ఇది మన వంటిల్లు అని మురుస్తరు. ఆ దినం దుకాణం బంద్ పెట్టి క్లాసుకు పోయే ప్లాట్లోడు ఈ మండలంల పుట్టలే.

"బావా, జర పోయి కూసో. హాజరు చెప్పి రా, చాలు," అన్నడు.

పోయిన. ఐడీ కార్డు మీది ఫోటో ఎవలదైతే ఏంది, అన్నిట్ల అందరు దొంగల లెక్కనే ఉంటరు. సారు శ్రీకాంత్ అని పిలిస్తె ఎస్సార్ అన్న. గంతే.

మీరు గీడనే నన్ను పట్టుకుంటరు. మోసం అంటరు. అనుకోండ్రి. నేను సిగ్గు పడ. నేను బడి ఇడిచింది ఎందుకో ఎరుకనా? క్లాసుల నవ్విస్తున్నని సారు నన్ను వరండల నిలవెడ్తుండె. వరండల ఒక ఇనుప బీరువ. దాని అద్దంల నుంచి పుస్తకాలు కనవడ్తుండె, అట్టల మీద బొమ్మలు సుత కనవడ్తుండె. తాళం హెడ్మాస్టర్ దగ్గర. ఏడాదంత ఆ బీరువకు ఎదురుంగ నిలవడ్డ, ఒక్క పుస్తకం చేతికి రాలే. ఒకనాడు వరండలకెళ్ళి అట్లనే ఇంటికి నడ్సిన, మల్ల పోలే. గసుంటోన్ని తీస్కపోయి, పుస్తకానికి గూడ ఇంటి నంబరు లెక్క ఒక నంబరు ఉంటది, చదివేటోని చేతికి దొరకకుంటె అది ఉన్నా లేనట్టే అని చెప్పే క్లాసుల కూసోబెడ్తె, నేను లేచి నేను శ్రీకాంత్‌ను గాదు సారూ అని చెప్పి బయటికి వస్తనా? వరండల నిలవడ్డది చాలదా నేను?

అందుకే ఆదివారం కోసం ఎదురుచూసిన. హాజరు చెప్పి రమ్మంటె సాయంత్రం దాక కూసున్న. ఆలస్యంగ పుస్తకం తెచ్చినోనికి ఫైన్ ఎందుకు ఎయ్యాల్నో సారు చెప్తుంటె చెయ్యి లేపిన. "సార్, తెచ్చిండు గదా. తేనోళ్ళు ఎంతమంది లేరు! ఆలస్యంగ తెచ్చినోనికి ఇనాం ఇయ్యాలె." క్లాసంత నవ్వింది. సారు గూడ నవ్విండు. నన్ను వరండలకు పంపలే.

ఆ క్లాసులనే నస్రీన్ ఉండె. చెరువు అవతల ఊరు. వాళ్ళ నాయిన ఇబ్రహీంపట్నంల పరుపుల దుకాణం నడుపుతుండె, ఆయిన దూది నింపితె ఆమె పరుపులు కుడ్తుండె. మాట పొదుపు, చూపు గట్టిది. ఒకనాడు టిఫిన్ డబ్బ తెరుసుకుంట చెప్పింది: "మా అబ్బ ఈ కోర్సు అయిపోయేదాకనే ఆగుతడు అన్నా. నౌకరి దొరికితె బడి, లేకుంటె మిషన్." నేను పరాచకమాడిన గని, ఆ మాట యాదిల ఉంది. అన్నీ యాదిల ఉన్నయి. ఎరుకలేక చేసిన అని చెప్పే సాకు గూడ నాకు లేదు.

కోర్సు ఆఖరుకు ఇద్దరిద్దర్ని కలిపి ఒక సర్కారు బడికి పంపిండ్రు. అక్కడ లైబ్రరీ సర్ది, పిల్లలకు ప్రొజెక్టర్ మీద పాఠం చెప్పాలె. నా జత నస్రీన్. బడిల పుస్తకాలు సంచులల్ల మూట గట్టి ఉన్నయి. నంబర్లు ఏసి పెడ్తె చిన్న పిల్లలకు ఏం సమజైతది? నేను వైర్లు కట్టుకుంట ముచ్చట్లు చెప్తున్న, ఆమె ఆలోచన చేస్తుంది. తెల్లారి ఇంటికాడికెళ్ళి ఒక సంచి నిండ పరుపు బట్ట ముక్కలు తెచ్చింది. కథల పుస్తకాల వీపుకు పువ్వుల బట్ట. జంతువులయి, చెట్లయి అయితె పచ్చ గీతల బట్ట. లెక్కలు, సైన్సు ఆటలకు నీలం గళ్ళ బట్ట. చదువు రాని పిల్ల గూడ పువ్వుల బట్ట పట్టుకొని కథ కావాలె అనొచ్చు. చదివినంక ఏ బట్ట కాడికెళ్ళి తీసిండ్రో ఆ బట్ట కాడనే పెడ్తరు. ఒక్క పూటల పిల్లలు నేర్చుకున్నరు. నేను జిగురు పూసిన, గంతే.

పాఠం మాత్రం నేను చెప్పిన. ప్రొజెక్టర్ మొరాయిస్తె సరిచేసింది నేనే, పిల్లల్ని పడీ పడీ నవ్విచ్చింది నేనే. గా మెప్పు నాదే, ఎవలకూ వాపస్ ఇయ్య.

పాఠం చూసెటానికి కోర్సు మేడమ్ వచ్చింది. అంత అయిపోయినంక నస్రీన్ పిల్లల్ని వరుసల నిలవెట్టి అన్నాలకు తోల్కపోయింది. మేడమ్ పుస్తకాల రాక్ కాడ నిలవడి పువ్వుల బట్ట మీద వేలు పెట్టి రాసింది.

"ఈ ఆలోచన ఎవరిది?"

"నాదే మేడమ్."

రెండు మాటలు. ఎందుకన్న? ఇన్నేండ్ల సంది నన్ను నేను అడుగుతనే ఉన్న. నౌకరి కోసమా? నాకు నౌకరేంది, ఆ పేరే నాది గాదు. భయమా? కాదు. పుట్టినకాడికెళ్ళి ఒక టీచరు నన్ను అడిగిన మాటలన్నీ ఎవడు పాడు చేసిండు, ఎవడు నవ్వుతుండు, ఎవడు పలక పగలగొట్టిండు అనే. మంచి పని చూపిచ్చి ఇది ఎవలు చేసిండ్రని అడుగుడు గదే మొదటిసారి. నోరు ఆగలే. ఆ ఒక్క గడియ నేను తెలివిగల పోరణ్ణి కావాల్ననుకున్న, ఆ తెలివి పక్క మనిషిదని తెలిసి గూడ, ఇంక ఆ మెప్పు పోయి శ్రీకాంత్ ఖాతాల పడ్తదని తెలిసి గూడ.

గదే తప్పు అనుకుంటున్నరా? ఇంకోటి ఉంది. నస్రీన్ వాపస్ వచ్చింది. మేడమ్ ఆమెతోని అన్నది: "ఈ బట్ట ముక్కలు పెట్టిన శ్రీకాంత్ లెక్క ఆలోచించాలె నస్రీన్. పిల్లల దిక్కు నుంచి."

నస్రీన్ నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపుల. ఎదురుచూపు. అన్న ఇప్పుడు చెప్తడు అన్నట్టు చూసింది. టైం ఉండె. మస్తు ఉండె.

నేనేమన్న ఎరుకనా? "పరుపు బట్ట పెట్టినం మేడమ్, పుస్తకం తెరువంగనే పిల్లలు పండుకుంటరేమో చూడాలె."

మేడమ్ నవ్వింది. నస్రీన్ గూడ నవ్వింది, జరంత ఆలస్యంగ.

కొన్ని దినాలకు పెద్ద అంబర్‌పేట్ దిక్కు ఒక ప్రైవేటు బడోళ్ళు, లైబ్రరీకి మనిషి కావాలె, మంచోళ్ళది ఒక్క పేరు చెప్పమని మేడమ్‌కు ఫోన్ చేసిండ్రంట. మేడమ్ బట్ట ముక్కల మనిషి పేరు చెప్పింది. పరీక్షలు మా బామ్మర్ది తనే రాసిండు, ఎట్లనో పాసైండు. నౌకరి వచ్చింది. బిర్యానీ పట్టుకొని ఇంటికొచ్చి "బావా, నా నసీబ్ చూసినవా?" అన్నడు. చూసిన. నస్రీన్ మిషన్ మీద కూసుంది.

అప్పుడన్న ఎందుకు చెప్పలే? ఇంటామె అలుగుతది, బామ్మర్ది బతుకు ఆగమైతది అని నాకు నేను చెప్పుకున్న. అవన్నీ సాకులు. నిజం చెప్తె ఆ ఒక్క మెప్పు గూడ వాపస్ ఇయ్యాలె. అది నాతోని గాలే. దొంగ సొమ్మని ఎరుకనే, అయినా ఎన్నో రాత్రులు దాన్నే యాది చేసుకొని పండుకున్న.

మొన్న ఆ ప్రైవేటు బడిల వార్షికోత్సవానికి మైకులు కట్టెటందుకు నన్నే పిలిచిండ్రు. వైరు గుంజుకుంట మెట్లెక్కిన. లైబ్రరీ అని బోర్డు ఉంది. తలుపుకు తాళం. కిటికీ అద్దంల నుంచి పుస్తకాలు కనవడ్తున్నయి. కొత్తయి, కట్ట గూడ ఇప్పలే. మా బామ్మర్ది అన్నడు: "పిల్లలు ఖరాబ్ చేస్తరు బావా. ఆ పీరియడ్ల లెక్కలు చెప్పిస్తున్నం." వాడు చెడ్డోడు గాదు. వానికి ఎవలు నేర్పిండ్రు? నేర్పేటప్పుడు కూసున్నది నేను.

వైరు ఇడిచిపెట్టి ఆ కిటికీ కాడ నిలవడ్డ. ఎవలన్న చూస్తె సారు నిలవెట్టిండు అనుకుంటరు.

క్లాసుల కూసున్నందుకు ఇప్పుడు గూడ సిగ్గు పడ. కోర్సోళ్ళు ఇది చదివి కేసు పెడ్తరా, పెట్టుకోనీ. చదువుకున్నడు అన్న కేసు నా మీద పడితె అది నాకు సన్మానమే. గని ఆ తాళం నేనేసిన. నస్రీన్ చేతిల ఉంటె తలుపులు తెరిచి ఉండేటి ఒక లైబ్రరీకి, రెండు మాటలతోని, ఒక జోకుతోని నేను తాళమేసిన. ఇది మాత్రం నాదే.

తెల్లారి పరుపుల దుకాణానికి పోయిన. నస్రీన్ మిషన్ మీద ఉంది. నన్ను చూసి "శ్రీకాంతన్నా!" అన్నది. కాదు అన్న. మొత్తం చెప్పిన. పేరు, బామ్మర్ది, మేడమ్, రెండు మాటలు, తాళం. నడుమల ఒక్క జోకు గూడ ఎయ్యలే, నా జిందగీల మొదటిసారి. మిషన్ తొక్కుతున్న కాలు ఆగింది. మాఫీ అడగలే. అడిగితె ఆమె దగ్గర ఇంకోటి గుంజుకున్నట్టే అయితది. చెప్పుడు అయినంక మాత్రం, దాచిపెట్ట, రాయి కదిలింది. ఊపిరి కింది దాక పోయింది.

నస్రీన్ దారం పంటితోని కొరికింది. కుట్టిన పరుపు గలీబు దులిపి మడత పెట్టింది. అప్పుడు నా దిక్కు చూసింది.

"ఆలస్యంగ తెచ్చినోనికి ఇనాం ఇయ్యాలె అంటివి గదా అన్నా క్లాసుల," అన్నది. "గా ఇనాం కోసమే వచ్చినవా?"