తాకొద్దమ్మ గ్లౌజులు

అణువిద్యుత్ కేంద్రం ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఆమెను అందరూ చాటుగా తాకొద్దమ్మ అనేవారు. రియాక్టర్ నీళ్ళ శాంపిల్ సీసాని ఎవరైనా ఉత్త చేత్తో ముట్టుకున్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "నీ చెమటలో ఉప్పుంటుందయ్యా! అది నీళ్ళదా, నీదా అని నేనెవర్ని అడగను?" అని దులిపేసేది. అందరికన్నా ఎక్కువ చివాట్లు తిన్నవాడు బట్టతల అసిస్టెంటు. గ్లాసులో వేలుపెట్టి పట్టుకున్నందుకు కాబోయే అల్లుణ్ణే కసిరిన మనిషి, అసిస్టెంటునొదులుతుందా? ఆమె భయం ఊరికే కాదు. పిసరంత ఉప్పు చేరినా చాలు, రియాక్టర్ ఉక్కు గొట్టాలు లోలోపలే పగులుతాయి.

ఆ ఉదయం ఆసుపత్రి నుంచి కూతురు ఫోన్ చేసింది. పురిటినొప్పులు మొదలయ్యాయి.

"మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తానే!"

"నువ్వా? రావులే అమ్మా. నీకు ఆ నీళ్ళే కన్నబిడ్డలు." ఫోన్ పెట్టేసింది.

ఆ మాట గుచ్చుకుంది. శాంపిల్ కొళాయి దగ్గర కళ్ళు తుడుచుకుని, సీసా నింపుకొచ్చింది. మెషీన్‌లో రీడింగ్ చూసింది. ఉప్పు హద్దు దాటింది. అప్పుడు గుర్తొచ్చింది, కళ్ళు తుడుచుకున్నది గ్లౌజు చేత్తోనే. మార్చుకోకుండానే సీసా పట్టింది.

తన కన్నీళ్ళే అయ్యుంటాయి. పారబోస్తే అడిగే నాథుడు లేడు, బస్సు దొరుకుతుంది. చెప్పిందా, సంగతి తేలేదాకా ఇక్కణ్ణుంచి కదలడానికి లేదు. సీసాని సింకు మీదికి వంచింది కూడా. కానీ కన్నీళ్ళు కాకపోతే?

సీసా దించి, షిఫ్ట్ ఇంజనీర్‌కి ఫోన్ చేసింది.

"ఉప్పు హద్దు దాటింది బాబూ. గ్లౌజుతో కళ్ళు తుడుచుకున్నాను, నా తప్పేమో తెలీదు. శాంపిల్ మళ్ళీ పడతాను."

"మీరా మేడమ్?" అన్నాడతను, నమ్మలేక.

"నేనే."

కొత్త గ్లౌజులు, కొత్త సీసా. ఊపిరి బిగబట్టి నీళ్ళు పట్టింది. బస్సు వేళ దాటిపోతుండగా రీడింగ్ వచ్చింది. మొదటిదానికన్నా ఎక్కువే. ఆవిరిని చల్లార్చేచోట ఏదో గొట్టానికి చిల్లుపడి, బయటి సముద్రపు నీరు లోపలికి చేరుతోంది.

"ఆపెయ్యండి" అంది ఫోన్లో.

రియాక్టర్ ఆగింది గానీ ఆమె పని ఆగలేదు. శాంపిల్ మీద శాంపిల్. చేతికి గ్లౌజులుండగా అల్లుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అసిస్టెంటే తీసి ఆమె చెవికి ఆనించాడు. పసిబిడ్డ ఏడుపు. వెనక కూతురి నీరసపు గొంతు: "అమ్మ బయల్దేరిందా?"

తాకొద్దమ్మ సీసాకి దూరంగా జరిగి, చేతులు రెండూ గాల్లోకెత్తి, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చింది.