అర్దళం పూసిన ముఖం

1978లో నేను మదనపల్లెలో ఒక ఆస్పత్రి చర్మరోగాల ఓపీలో స్టాఫ్ నర్సుని. వేరుశనగ పీకి చేతులు పగిలినవాళ్లు, గజ్జి పిల్లలు, తంబళ్లపల్లె బస్సు దిగిన ముసలివాళ్లు, అందరికీ ఒకటే బెంచీ. ఏం పని చేస్తారో అందరి ముందే గట్టిగా అడిగేవాళ్లం.

ఆ బెంచీ మీదికి కుప్పం నుంచి మునిరత్నమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి. ముఖమంతా పొంగి, రెప్పలు మూసుకుపోయి, బుగ్గల మీద రసి కారుతోంది. పనేమిటంటే "కూలికి పోతాను సిస్టరమ్మా" అంది. డాక్టరుగారు కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నారు. అంటే ఒంటికి పడనిదేదో తగిలి చర్మం పొంగడం. పొలంలో కలుపు మొక్క అయ్యుంటుందనుకుని వార్డులో చేర్చుకున్నారు. అదేమిటో తేలకుండా పంపితే మళ్లీ తగులుతుంది, కళ్లకే ముప్పు అన్నారు.

ఒక పూట ఉప్పునీటి గుడ్డలు కళ్ల మీద వేస్తుంటే, మంట మరవడానికి కాబోలు, సన్నగా పాట ఎత్తుకుంది.

"ముఖానికి రంగు పడితే మురిసింది లోకం, తెర లేచిన రాతిరి తీరింది శోకం..."

మా వైపు డ్రామాల్లో తెర లేవకముందు పాడే పాత పాట అది. నేను పలక పట్టిన నాటి నుంచి విన్నదే. వేదిక మీద నిలబడి పాడినవాళ్లే దాన్ని అలా ఎత్తుకుంటారు.

"డ్రామాల్లో పాడతావా?" అన్నాను.

పాట ఆపేసింది. "యాల చెప్పేది సిస్టరమ్మా? డ్రామాదాన్నంటే పక్కనుండేవాళ్లు జరిగి కూసుంటారు."

నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రి వన్స్‌మోర్ అని గొంతు చించుకునేదీ వీళ్లే, తెల్లారితే జరిగి కూర్చునేదీ వీళ్లే! ఆ భయానికి నిజం దాచి ఈమె కళ్లు పోగొట్టుకునేదే.

ముఖానికి ఏ రంగు పూస్తారని అడిగితే అప్పుడు చెప్పింది. అర్దళం. పసుపుపచ్చటి రాయి నూరి నూనెలో కలిపి పూస్తారు. గ్యాసులైటు కింద ముఖం బంగారంలా మెరుస్తుంది. అది పాషాణం జాతి విషం. డాక్టరుగారు విని తల పట్టుకున్నారు.

మర్నాడు నాటకాల ఏజెంటు రెడ్డెప్ప వచ్చాడు. పుంగనూరులో ఆట ఉంది, పంపమన్నాడు.

"అది విషమప్పా. పౌడరేసి ఆడించుకో" అన్నాను.

"నల్లమొగం ఎవురు సూస్తారమ్మా? అందరూ పూసుకుంటాండారు, ఎవురు సచ్చినారు? ఈమె కాకుంటే ఇంకొకతె ఉండాది."

మంచం మీదున్న మనిషి వింటుండగానే ఆ మాట! బయటికి నడవమని వార్డంతా దద్దరిల్లేలా అరిచాను. ఆ అరుపుకి నేనిప్పటికీ చింతించను.

మునిరత్నమ్మ మాత్రం నెమ్మదిగా అంది. "రంగు ఇడిసేస్తాను సిస్టరమ్మా. పాట ఇడిసేది లేదు." చౌడేపల్లె వైపు పౌడరుతోనే ఆడే చిన్న నాటక సమాజమొకటి ఆమెని పిలుచుకుంది.

రెడ్డెప్ప అన్నంత పనీ చేశాడు. ఇంకో అమ్మాయిని తెచ్చి అదే అర్దళం పూయించాడు. మరుసటేడు ఆ అమ్మాయి ముఖమూ పొంగింది. చెయ్యి పట్టుకుని మా ఓపీకి తెచ్చింది మునిరత్నమ్మే. బెంచీ నిండా జనం. ఆ సరికి నేను రోగి చేసే పనిని పక్కకు పిలిచి అడగడం నేర్చుకున్నాను. పిలవబోయాను కూడా.

ఆమె కదల్లేదు. అందరికీ వినబడేలా చెప్పింది. "ఈ బిడ్డ డ్రామాలో పాడతాది సిస్టరమ్మా. నేనూ పాడతాను. పూసింది అర్దళం. జరిగి కూసునేవాళ్లు జరగండప్పా, మాకు తావు కావాల."

గుట్టుగా అడగడమే మర్యాద అనుకున్నాను నేను. గుట్టుగా దాచుకోవలసిన తప్పేదీ వాళ్లు చేయలేదు.