ఒకటి నొక్కండి

మా నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బిర్యానీ తింటున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత జరిగినదంతా చదివి, ఆ టైములో నేనేదో ముఖ్యమైన పనిలో ఉన్నానని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

సీతమ్మధారలో మా ఆఫీసు వెనక సందులో ఒక మెస్సు ఉంది. నేనూ, నాతో పనిచేసే ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నేను ఏదో చెబుతున్నాను, వాళ్ళు నవ్వుతున్నారు. జీతం కంప్యూటర్ ముందు కూర్చున్నందుకు ఇస్తారు గానీ, నా అసలు పని అదే. ఎవరైనా గంభీరంగా మొహం పెడితే గాలి తీసెయ్యడం. ఒకసారి చావింట్లో కూడా నలుగుర్ని నవ్వించాను. చాలా రోజులు దాన్ని ఒక గొప్పగా చెప్పుకున్నాను.

చేతికి మసాలా అంటుకుని ఉంది కాబట్టి మోచేత్తో స్పీకర్ ఆన్ చేశాను.

"ఒరే, కార్డు గురించి ఏదో ఫోనొచ్చిందిరా. మనిషి కాదు, రికార్డింగు. సగం హిందీ, సగం ఇంగ్లీషు. రెండుసార్లొచ్చింది."

"ఏటంటాది నాన్నా?"

"అర్థమయితే నీకెందుకు సేత్తాను? ఎలర్ట్ అంతంది. ఏటో నొక్కమంతంది."

ఇక్కడ కొంచెం ఆగి మా నాన్న గురించి చెప్పాలి. తగరపువలస దగ్గర పొలం పనుల్లోంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరిన మనిషి. ముప్పై ఏళ్ళు బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములో కూర్చుని రిటైరయ్యాడు. అక్కడ ఎక్కడో ఏదో తేడా వస్తే హారన్ మోగుతుంది, బోర్డు మీద ఎర్ర దీపం కొట్టుకుంటుంది. ఆపరేటరు మొట్టమొదట చెయ్యాల్సిన పని ఒక బటన్ నొక్కడం. దాంతో మోత ఆగుతుంది. ఆ బటన్‌కి అర్థం అంతా బాగుందని కాదు, తప్పు నాదని కూడా కాదు. విన్నాను, అంతే. తర్వాత మనిషి లేచి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడికి వెళ్ళి కళ్ళతో చూసి వస్తాడు. నా చిన్నప్పుడు ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా ఆయన కుడిచెయ్యి అప్రయత్నంగా కదిలేది. దాని మీద నేను కనీసం పాతిక జోకులు వేసి ఉంటాను.

ఇరవయ్యారోది ఆ మధ్యాహ్నం వేశాను.

"ఎలారమే కదా నాన్నా, నీకు కొత్తేటి? ముందు నొక్కీ, కూత ఆగుతాది. తర్వాత టీ తాగి తీరిగ్గా సూడు."

"బావా, మీ నాన్న ఫర్నేసు ఆపీగలడు, సూసుకో" అన్నాడు ఎదురుగా ఉన్నవాడు. రెండోవాడికి నవ్వుతో పొలమారింది. ఫోన్లో మా నాన్న కూడా చిన్నగా నవ్వాడు. "సరే అయితే" అని పెట్టేశాడు.

నాలుగు నిమిషాలకి ఆ రికార్డింగు మూడోసారి వచ్చింది. ఈ కొనుగోలు మీరే చేసి ఉంటే ఒకటి నొక్కండి, చెయ్యకపోతే రెండు నొక్కండి. మా నాన్న ఒకటి నొక్కాడు. మోత ఆగిపోయింది.

ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చోలేదు. పద్ధతి ప్రకారం లేచి వెళ్ళి బీరువా తెరిచాడు. అమ్మ పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో, కార్డు పెట్టిన చోటే ఉంది. తిప్పి చూశాడు. ఎక్కడా గీత కూడా పడలేదు. మళ్ళీ అక్కడే పెట్టి, తాళం వేసి, ఫోన్ హాల్లో ఛార్జింగుకి పెట్టి పడుకున్నాడు. యంత్రం దాని చోట్లో ఉంది, ఆపరేటరు చూసి వచ్చాడు. ఆయనకి తెలిసిన లోకంలో ఇంతకు మించి చెయ్యాల్సింది ఏదీ లేదు.

అసలు ఆ కార్డు మా ఇంట్లో ఉండటానికి కారణం మా అమ్మ మోకాళ్ళు. గాజువాక దగ్గర మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండేళ్ళుగా అమ్మ మెట్లు పక్కకి తిరిగి దిగుతోంది. చివరికి సీతమ్మధారలోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్‌కి వచ్చే గురువారం అని తేదీ ఇచ్చారు. డబ్బు ముందు మనం కట్టాలి, ఇన్సూరెన్సు వాళ్ళు తర్వాత ఇస్తారు. ఆ మధ్యలో ఉండే నెలన్నర కోసం నాన్న క్రెడిట్ కార్డు తీసుకుని, దాని పరిమితి పెంచమని బ్యాంకుకి రెండుసార్లు తిరిగాడు. ఆ కార్డు మీద ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టలేదు. పెళ్ళిచీర దాచినట్టు దాచాడు.

బ్యాంకు అనుమానపడిన ఆ మొదటి కొనుగోలు ఎంతో తెలుసా? వంద రూపాయల లోపు. ఏదో విదేశీ వెబ్‌సైటు. దొంగ పులుసులో ఉప్పు చూసినట్టు కాస్త చూశాడు. బ్యాంకు పట్టుకుని అడిగింది. మా నాన్న నాదే అన్నాడు. ఇంక వాడికి అడ్డేముంది, మిగతా గిన్నె మొత్తం ఎత్తి తాగేశాడు. విదేశీ సైట్లకి నంబరుంటే చాలు, ఓటీపీ కూడా అక్కర్లేదట. ఆ నంబరు వాడికి ఎలా దొరికిందో ఎవరికీ తెలీదు. మూడు కొనుగోళ్ళు, పావుగంట. అమ్మ రెండు మోకాళ్ళూ అయిపోయాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఒక తెల్లకాగితం. మెసేజీలు చూసి అన్నీ టైములతో వరసగా రాశాడు. పదమూడు సున్నా నాలుగు, పదమూడు పదకొండు, పదమూడు పంతొమ్మిది. పక్కన ఎంతెంత. ప్లాంటులో లాగ్‌బుక్కు రాసే పద్ధతి. దొంగతనం కూడా ఆయన చేతిరాతలో ముచ్చటగా ఉంది.

"ఇయన్నీ నువ్వేమైనా కొన్నావేటిరా?" అని అడిగాడు. నేను కొన్నానని చెప్తే బాగుండునన్నట్టు అడిగాడు.

హెల్ప్‌లైనుకి ఫోన్ చేసి కార్డు ఆపించాను. నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పై నిమిషాలు సంగీతం. అమ్మ సోఫాలో కాళ్ళు చాపుకుని మమ్మల్నే చూస్తోంది. ఎందుకు నొక్కావని ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అది నాకు వింతగా అనిపించింది. మా అమ్మ పాలు పొంగినా విచారణ సంఘం వేసే మనిషి.

మర్నాడు పొద్దున్నే నేనూ నాన్నా బ్యాంకుకి వెళ్ళాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్ను పెట్టుకున్నాడు. ఆఫీసరమ్మకి నా వయసే ఉంటుంది, మర్యాదస్తురాలు. కంప్యూటర్లో చూసి, మా వైపు చూసి, మళ్ళీ కంప్యూటర్లో చూసింది.

"సర్, మీకు మేం మూడుసార్లు కాల్ చేశాం. మూడోసారి మీరు ఒకటి నొక్కారు."

"నొక్కినాను మేడమ్."

"అంటే, మీరే కొన్నారని చెప్పినట్టు సర్."

"కాదు మేడమ్. విన్నానని సెప్పినట్టు."

ఆవిడ నా వైపు చూసింది. కంట్రోల్ రూము సంగతి నేను వివరించాను. ఎంత బాగా వివరించానంటే, చివరికి ఆవిడకి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుని సారీ సర్ అంది. మా నాన్న పర్లేదన్నాడు. నా జీవితంలో నేను పుట్టించిన నవ్వుల్లో వెనక్కి తీసుకోవాలనిపించిన రెండోది అది.

"సర్, ఒకటి అడుగుతాను" అందావిడ, గొంతు తగ్గించి. "ఆ టైములో మీకెవరైనా ఫోన్ చేసిగానీ, ఎదురుగా ఉండిగానీ, నొక్కమని చెప్పారా? మోసగాళ్ళు అలా కూడా చేస్తుంటారు. ఎవరైనా చెప్పి ఉంటే రాయండి. పైవాళ్ళు దాన్ని వేరేగా చూస్తారేమో."

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. ఎప్పుడూ అవసరం లేకపోయినా తెరుచుకునే నోరు అది, ఆ ఒక్క పూటా తెరుచుకోలేదు.

"ఎవులూ సెప్పలేదు మేడమ్" అన్నాడు నాన్న. నా వైపు తిరగలేదు. "సీట్లో నానే ఉన్నాను."

అదే రాశాడు. ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా. కింద సంతకం, తేదీ, టైము.

బయటకి వచ్చాక బండి స్టాండు తీస్తూ, "నాన్నా, నానే కదా నొక్కమన్నాను. లోపలికెళ్ళి సెప్పీసొస్తాను" అన్నాను.

"ఏటని సెప్తావు? మా బాబుని ఎగతాళి సేసినాను, ఆడు నమ్మీసినాడు అని సెప్తావా?"

నేను తాళంచెవి కోసం జేబులో వెతికాను.

"సూడు. ఫోన్లో ఎవుడేటి సెప్పినా, బటన్ మీద సెయ్యి ఎవుడిదో ఆడిదే. ఆపరేటరు నువ్వా, నానా?"

"నువ్వే."

"మరింకేటి, బండి తియ్."

గురువారం తేదీని అమ్మే రద్దు చేసింది. ఆసుపత్రికి తనే ఫోన్ చేసింది. అటువైపు కారణం అడిగినట్టున్నారు. "మా సుట్టాల్లో పెళ్ళిళ్ళున్నాయండి, అయ్యాక సూద్దుము" అంది. మా చుట్టాల్లో ఆ యేడాది పెళ్ళికి మిగిలింది నేనొక్కణ్ణే. మామూలుగా అయితే ఆ మాట పైకి అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసి అమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని కాసేపు రుద్దుకుంది. తర్వాత, చిక్కుడుకాయలు ఉన్నాయి, ఈనెలు తీసిస్తావా అని అడిగింది. తీసిచ్చాను.

రెండు వారాల తర్వాత, నొప్పికి ఇంజెక్షను చేయించడానికి అమ్మని తీసుకెళ్తున్నాను. ఆమె పక్కకి తిరిగి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ముందు ఎడమకాలు దింపి, అది నిలబడ్డాక కుడికాలు దింపుతుంది. నేను ఒక మెట్టు కింద వెనక్కి నడుస్తూ దిగుతాను. పడితే నా మీద పడేటట్టు మా ఏర్పాటు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అక్కడ చెప్పాను. మెస్సు, బిర్యానీ, స్పీకరు, నేనన్న మాట, వాళ్ళ నవ్వు. నవ్వించకుండా ఒక విషయం మొదటి నుంచి చివరి వరకూ చెప్పడం నాకు అదే మొదలు. చాలా చిన్నదైపోయింది, అర నిమిషం కూడా పట్టలేదు.

అమ్మ మొహంలో ఏమీ మారలేదు. "ముందీ మెట్టు దిగనీ" అంది.

దిగింది. ఇంకోటి దిగింది. ఆటోలో కూర్చున్నాక, కొంగుతో మొహం తుడుచుకుని అంది.

"నాకు సెప్పినట్టు మీ నాన్నతో అనకు."

"ఎందుకమ్మా?"

"నాకు తెలీకుండా నిన్ను కాసినాననుకుంతన్నాడు. అదొక్కటే మిగిలింది ఆయనకి. అది కూడా తీసీకు."

ఆటోవాడు ఎక్కడికన్నాడు. ఆసుపత్రి పేరు అమ్మే చెప్పింది.

బ్యాంకు నుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఒకే పేరా. మీరే ధ్రువీకరించినందువల్ల మీ అభ్యర్థనని అంగీకరించలేకపోతున్నాం, వాయిదాల్లో కట్టుకునే సౌకర్యం ఉంది, భవిష్యత్తులో అప్రమత్తంగా ఉండండి. నాన్న రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టి, ఫైలు మీద నంబరు వేశాడు. ఆ నెలాఖరుకి పరవాడ వైపు ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూములో చేరాడు. అరవై రెండేళ్ళకి మళ్ళీ షిఫ్టులు. అక్కడ కుర్రాళ్ళు ఈయన్ని సర్ అంటారట. ఆ జీతం వాయిదాలకి పోతుంది. నా జీతంలోంచి ఆపరేషన్‌కి పక్కన పెడుతున్నాం. మొన్న ఆసుపత్రికి వెళ్తే రేటు పెరిగిందన్నారు. ఒక మోకాలు ముందు చేసుకోండి, రెండోది తర్వాత చూద్దాం అన్నారు. ఏది ముందో తేల్చుకోమన్నారు. అమ్మ ఇంకా తేల్చుకోలేదు.

నాన్నా నేనూ బాగానే మాట్లాడుకుంటాం. వాన గురించి, బస్సుల గురించి, కూరలో ఉప్పు గురించి.

పోయిన ఆదివారం పొద్దున్న బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. కింద మా వీధిలో టైలర్ షాపు ఉంది. పాతబస్తీ నుంచి వచ్చి పదేళ్ళ కిందట పెట్టిన భాయ్‌ది. నాన్న ఆ షాపు ముందు నిలబడి, ఫోన్ చేయి చాపి పట్టుకుని ఆయనకి చూపిస్తున్నాడు. ఏదో మెసేజ్ వచ్చినట్టుంది. భాయ్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా చదివి వినిపించాడు.

"ఏటి సెయ్యాలంటావు భాయ్?" అన్నాడు నాన్న.

"ఏమీ చెయ్యకండి సార్. కరెంటు బిల్లు కట్టారని వచ్చింది, అంతే."

నాన్న తలూపి, ఫోన్ జేబులో పెట్టుకుని, మెట్ల వైపు నడిచాడు. మూడంతస్తులు దిగి వెళ్ళి అడిగి, మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వస్తున్నాడు. నేను ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాను. ఆయనకి తెలుసు.