దిండు కింద గులాబీ నీలం

మా నాయన చిత్తూరులో బెల్లం వ్యాపారి. పెళ్లయిన కొత్తలో అమ్మకు లేత గులాబీరంగు రాయి పొదిగిన ఉంగరం చేయించాడు. ఆ రాయి కొనేటప్పుడు బెల్లం అచ్చును చూసినట్టే ఎండకు పట్టి చూశాడట. నాలుక మీద పెట్టుకుని, చల్లగా ఉంది కాబట్టి అసలైన కెంపేనని తేల్చేశాడట. అమ్మ ఆ మాట ఏనాడూ నమ్మలేదు. కెంపంటే దానిమ్మ గింజలా ఉండాలి గదా, ఇదేమో వెలిసిపోయిన చీర రంగు అనేది. చుట్టాలు ఎవరొచ్చినా చెయ్యి చాపి, "మా ఇంటాయన తెచ్చిన గాజుపెంకు" అని చూపించేది. కానీ వేలి నుంచి తీసేది కాదు. దీపం కుందులు తోమేటప్పుడు అదే చింతపండుతో, వేలిమీదే దాన్నీ తోమేసేది.

ఆ తోముడికి రాయిని పట్టుకున్న కొక్కెం ఒకటి పైకి లేచి, చీర కొంగుకు తగులుకోవడం మొదలైంది. పోయిన ఏడాది వాళ్లు తిరుపతిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఇద్దరినీ రాళ్లు చూసే ఒక నగల దుకాణానికి తీసుకెళ్లాను.

దుకాణం ఆయన భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. నాయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆయన ఇన్నేళ్ల పరువు ఆ అద్దం కింద ఉంది మరి.

"గాజు కాదు. గాజైతే లోపల గుండ్రంగా బుడగలు కనపడతాయి. దీంట్లో పట్టుదారాల మాదిరి సన్న గీతలుండాయి. భూమిలో పుట్టిందే. కాచి రంగు తెప్పించినట్టు కూడా లేదు, కాచని రాయికే విలువెక్కువ. ఖాయంగా తెలియాలంటే ల్యాబుకు పంపాల," అన్నాడాయన.

నాయన తొడ చరిచాడు. "ఇన్నావా? గాజుపెంకంట, గాజుపెంకు!"

"అయితే కెంపు కూడా కాదు," అని దుకాణం ఆయన మాట పూర్తిచేశాడు. "పింక్ సఫైర్. అంటే నీలమే, గులాబీ రంగుది."

నీలం అనే మాట చెవిన పడగానే అమ్మ ఉలిక్కిపడింది. మా వైపు నీలమంటే శనిదేవుడి రాయి. కలిసొస్తే అందలం ఎక్కిస్తుంది, లేకపోతే ఇల్లు గుల్ల చేస్తుంది. అందుకే ముందు గుడ్డలో చుట్టి మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుంటారు. పీడకల గానీ కీడు గానీ లేకపోతేనే వేలికి పెట్టుకుంటారు. అమ్మ ఆ పరీక్షేమీ లేకుండా కాపురమంతా దాన్ని పెట్టుకునే తిరిగింది.

శనికి సంబంధించింది నీలిరంగుది మాత్రమేనని దుకాణం ఆయన ఎంత చెప్పినా లాభం లేకపోయింది. "రంగు మారితే ఇంటిపేరు మారతాదా సామీ?" అని అమ్మ ఆయన్నే ఎదురడిగింది.

కొక్కెం సరిచేయించుకుని ఆటోలో ఇల్లు చేరేలోపు అన్నీ తేలిపోయాయి. ఐరాల దగ్గర మా చేనులో బావి ఎండింది నీలం వల్ల. బెల్లం వానకు తడిసి కరిగిపోయింది నీలం వల్ల. నేను ఇంటర్ తప్పింది కూడా నీలం వల్లే. అదొక్కటీ నాకు బాగా నచ్చింది. "మీ నాయన కోపం కూడా దీని పుణ్యమేనేమో. మూడు రాత్రులు సూస్తా. ఒక్క చెడ్డ కనపడిందా, కొండెక్కి హుండీలో ఏసొస్తా," అంది అమ్మ. అన్నదంటే చేసే మనిషి. నాయన ముఖం వాడిపోయింది. గాజుపెంకు అని ఎగతాళి చేసినప్పుడు కూడా ఆయన అంత చిన్నబోలేదు.

ఆ సాయంత్రం నాయన, దుకాణం ఆయన చెప్పినట్టే గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో ఉంగరాన్ని తనే కడిగాడు. పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నంత జాగ్రత్త. వేరే నగలతో కలిపితే ఈ గట్టిరాయి వాటిని గీకేస్తుందట, అందుకని విడిగా గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చాడు.

పరీక్ష నడిచినన్నాళ్లూ నేను మా నాయనను గుర్తుపట్టలేకపోయాను. కీడు జరిగితే రాయి హుండీ పాలవుతుంది గనక, తన వల్ల ఏ కీడూ జరగకూడదని కంకణం కట్టుకున్నాడు. తిన్న తట్ట, అంటే కంచం, తనే కడిగాడు. సాంబారులో ఉప్పెక్కువైతే "కమ్మగా ఉండాదే" అంటూ ఇంకోసారి పోయించుకున్నాడు. బీపీ మాత్ర ఎవరూ చెప్పకుండానే మింగాడు. టీవీ రిమోటు అమ్మ ఒళ్లో పెట్టాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డప్పుడు మాత్రం పరుగెత్తుకొచ్చాడు. "పాలు పొంగితే శుభమే గదమ్మా?" అని నన్ను సాక్ష్యానికి పిలిచాడు.

గడువు ముగిసిన ఉదయం అమ్మ ఉంగరం తీసి వేలికి పెట్టుకుంది. నాయన ఊపిరి పీల్చుకుని, "అయితే మంచిదే అనమాట," అన్నాడు.

"అప్పుడే యాడ? పెట్టుకునే ఇంకో నెల సూడాల. నీలం గుణం నిదానంగా తెలస్తాది," అంది అమ్మ నా వైపు చూస్తూ. నాయన తట్ట తీసుకుని కడగడానికి వెళ్లాడు.

నాకు జాలేసింది. వంటింట్లో అమ్మను పట్టుకుని, "నిజంగానే హుండీలో వేస్తావా?" అని అడిగాను.

"ఎవురేస్తారు? అది దిండు కింద ఉన్నన్నాళ్లూ వేలు బోసిగా ఉండి నాకు నిద్రే పట్టలే. నీలం కానీ, గాజు కానీ, మీ నాయన నాలిక మీద పెట్టి సూసి నా కోసరం తెచ్చినాడు." కుందులు ముందు పెట్టుకుని చింతపండు అందుకోబోయిన అమ్మ, తోమితే కొక్కెం మళ్లీ లేస్తుందని గుర్తొచ్చి ఆగి, ఉంగరం తీసి కొంగున ముడేసుకుంది. "ఈ మాట ఆయనకి సెప్పొద్దు. తట్ట కడిగేది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాడు."