క్లారినెట్ మీద కదిలిన పళ్లు

2011 పెళ్లిళ్ల సీజన్‌లో కాచిగూడ దగ్గర బరాత్ ఊరేగింపు ముందు క్లారినెట్ వాయిస్తున్నాను. పై స్వరం అందుకోగానే ముందు పళ్లు రెండూ కదిలినట్టనిపించింది. నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ తీసి చూస్తే రక్తం. పై పళ్లు దాని మీద గట్టిగా ఆనాలి. అవి కదిలితే శ్రుతి నిలవదు. మా బ్యాండ్‌లో పాట ఎత్తుకునేది నేనే.

బ్రష్ చేస్తే రక్తం రావడం అంతకుముందే ఉంది. నొప్పి లేదు కదా అని, రక్తం వచ్చే చోట బ్రష్ ఆనించకుండా కాలం గడిపాను. చిక్కడపల్లిలో ఇంటికి చేరాక నా భార్య సుజాత టార్చ్ వేసి చూసింది.

"చిగుళ్లు గిట్ల ఉబ్బినయేంది? పొద్దుగాలనే డాక్టర్ దగ్గరికి పోదాం."

నారాయణగూడలో ఒక క్లినిక్‌కు వెళ్లాం. డాక్టరమ్మ సన్నని పుల్లతో పళ్లకూ చిగుళ్లకూ మధ్య సందుల లోతు కొలిచి, ఎక్స్‌రే చూసి పెరియోడాంటైటిస్ అనే చిగుళ్ల జబ్బు అన్నారు. పళ్లను పట్టుకునే ఎముక తగ్గిందట.

"మందుగోళీలు రాయండి మేడం, నా బతుకు ఈ పళ్ల మీదనే ఉంది" అన్నాను.

"గోళీలతోనే పోదన్నా. ఇది ఒక్క క్రిమి పని కాదు. ముందు కొన్ని పంటికి అంటుకుంటయి, వాటి మీద ఇంకోరకం వచ్చి చేరుతయి. ఒకటి వదిలింది ఇంకోటి తింటది. అన్నీ కలిసి జిగురుపొర కట్టుకుంటయి. మందు లోపలిదాకా పోదు. పొరను గీకి తియ్యాలె. నేను ఇక్కడ తీస్త, మళ్ల కట్టకుండ నువ్వు రోజూ తియ్యాలె."

పళ్ల మీది గార గీకే స్కేలింగ్, తర్వాత చిగుళ్ల లోపల పంటి వేళ్లను శుభ్రం చేసే రూట్ ప్లానింగ్ చేశారు. వాపు దిగేసరికి చిగుళ్లు వెనక్కిపోయి పళ్లు పొడుగ్గా కనిపించాయి. చన్నీళ్లు తగిలితే జివ్వుమనేది. అయినా ముందు పళ్ల దగ్గర సందుల లోతు తగ్గలేదు. చిగుళ్లు తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ చేసి, పళ్లు కదలకుండా పక్కవాటితో కలిపి స్ప్లింట్ కట్టు వేశారు. ఆ సీజనంతా నా పాట వేరొకరు ఎత్తుకుంటుంటే వెనక వరసలో తాళాలు కొట్టాను. చాలా కష్టంగా ఉండేది. కానీ రాత్రి ఎంత అలసినా, పళ్ల సందుల్లో సన్న బ్రష్ తిప్పకుండా పడుకోలేదు.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ మళ్లీ పుల్ల పెట్టి కొలిచారు. లోతు తగ్గింది, రక్తం చుక్క కూడా రాలేదు.

"సర్జరీ నాది, కాపాడుకున్నది నువ్వన్నా. ఇగ మెల్లగ వాయించు."

ఆ మాటకు సుజాత నాకన్నా ముందు నవ్వింది.

ఇప్పుడు 2014. పోయిన ఎముక తిరిగి రాలేదు, చెకప్‌లు ఆగలేదు. కానీ ఆ రెండు పళ్లూ నావే. మొన్న అశోక్‌నగర్ పెళ్లిలో మొదటి పాట నేనే ఎత్తుకున్నాను, పై స్వరంతో సహా.

నేను చెప్పేది ఒక్కటే. చిగుళ్ల నుంచి రక్తం వస్తే అక్కడ బ్రష్ మానకండి. మెత్తటి బ్రష్‌తో తోముతూనే, నొప్పి కోసం ఎదురుచూడకుండా డాక్టర్‌కు చూపించండి.