చుక్కికి గోమార్లు పట్టిన ఏడాది

మొన్న నాగర్‌కర్నూలులో మా ఇంటికి మనవరాలు వచ్చినప్పుడు వెంట తన కుక్కను కూడా తెచ్చింది. పొద్దున్నే రొట్టెముక్కలో ఏదో బిళ్ళ పెట్టి దాని నోటికి అందిస్తూ, నెలకొకటి వేస్తే చాలు, ఒంటిమీద గోమార్లు బతకవని చెప్పింది. ఆ మాట వింటూనే నా చెయ్యి నన్నడగకుండా ఆ కుక్క చెవి వెనక్కి, అక్కణ్ణుంచి కాలివేళ్ళ సందుల్లోకి పోయి వెతికింది. ఏమీ దొరకలేదు. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి, వానలు పడ్డాక కుక్కల చెవుల్లో రక్తం తాగి ఆముదపు గింజల్లాగా ఉబ్బి వేలాడే ఆ పురుగులు.

మాది బిజినేపల్లి పక్క పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. నిజాం కాలం, ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తున్నదని, అందుకే దీపానికి గ్యాసునూనె దొరకడం లేదని పెద్దవాళ్ళు అనుకునే రోజులు. మందకు కాపలాగా మాకు చుక్కి అనే ఆడకుక్క ఉండేది. ఒళ్ళంతా నలుపు, నుదుటిమీద మాత్రం తెల్లమచ్చ. గుట్టల్లో తోడేళ్ళుండేవి కనుక చుక్కి ఉంటేనే మంద, మంద ఉంటేనే మేము. అమ్మ రోజూ మధ్యాహ్నం పనులు తీరాక దాన్ని కాళ్ళమీద పడుకోబెట్టుకొని గోమార్లు ఏరేది. ఏరినవాటిని పెంకులో నిప్పులమీద వేస్తే చిటపటమని పేలేవి. తరువాత కానుగనూనె రాసి వదిలిపెట్టేది. ఆ పని ఎవరూ ఆమెకు చెప్పింది కాదు, ఎవరూ గమనించిందీ కాదు.

ఆ ఎండాకాలం అమ్మకు జ్వరం వచ్చింది. అవ్వ, అంటే నాయిన తల్లి, కషాయం కాచి పోసింది, విభూతి పెట్టించింది. వారం తిరగకముందే అమ్మ పోయింది. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. అందరూ ఏడుస్తుంటే నేను గోడకానుకొని, చూరులోంచి వేలాడుతున్న గడ్డిపోచను చూస్తూ కూర్చున్నట్టు గుర్తు. ఏడుపు రాలేదు. నాయినకూ రాలేదు. మరునాడు పొద్దున్నే ఆయన గొర్రెలను తోలుకొని పోయాడు, సాయంత్రం వచ్చి పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు. ఇల్లు అట్లాగే నడిచింది. పొయ్యి వెలిగేది, నీళ్ళు వచ్చేవి, గొర్రెలు ఈనేవి. గోమార్లు ఏరడం ఒక్కటే ఎవరికీ గుర్తు రాలేదు.

వానలు దిగాక చుక్కి తిండి మానేసింది. నాయిన పిలిస్తే తోక కదిలించేది కానీ లేచేది కాదు. దాని పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తంగేడు పట్ట నానబెట్టిన నీళ్ళలాగా ఎర్రటి ఒంటేలు పోసింది. ఎవరో మందు పెట్టారని అవ్వ అన్నది. పాము తాకిందని ఇంకెవరో అన్నారు. చుక్కి లేని మందలోంచి తోడేలు అప్పటికే ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది.

అప్పుడే గద్వాల నుంచి ఉన్ని కొనే సాయిబు బండి కట్టుకొని వచ్చాడు. ఏటేటా వచ్చేవాడు, నాయినను మామా అని పిలిచేవాడు. చుక్కిని చూసి, "మామా, వనపర్తిల గుర్రాల డాక్టరున్నడు. గుర్రాలకు గిట్లనే ఎర్రగ పోస్తే సూదేస్తడు. నేను అటే పోతున్న, జర బండిల ఎయ్యి," అన్నాడు.

కుక్కకు డాక్టరేమిటని అవ్వ నోరు నొక్కుకున్నది. నాయిన లోపలికిపోయి గొంగడి తెచ్చాడు. మందను చిన్నాయనకు అప్పగించి, చుక్కిని అందులో చుట్టి బండిలో పడుకోబెట్టాడు. తల పట్టుకోవడానికి నన్నెక్కించుకున్నాడు. దారి పొడుగునా ముసురు. సాయిబు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, మేమిద్దరం వింటున్నట్టు కూర్చున్నాం.

డాక్టరు సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. చుక్కి చెవి మడిచి, ఒక గోమారిని పీకి నాయిన అరచేతిలో పెట్టాడు. "పాము గాదు, ఏం గాదు. ఇదే. రక్తం తాగుకుంట రక్తంల జ్వరం ఇడుస్తది. మందేస్త, బతుకుతదని మాత్రం చెప్పలేను," అన్నాడు. సిరామరకలాంటి నీలం మందును సూదితో కాలి నరంలోకి మెల్లగా ఎక్కించాడు. దాని నోరు నీలమవుతుందని, భయపడవద్దని చెప్పాడు. బయలుదేరేటప్పుడు నాయినను మళ్ళీ వెనక్కి పిలిచి, ఒంటిమీద ఏరితే సరిపోదని, గోడ పగుళ్ళలో, దడి పుల్లల్లో అవి గుడ్లు పెడతాయని, ముందు వాటిని చూడమని అన్నాడు.

చుక్కి బతికింది. ఒక పొద్దున లేచి గంజి తాగింది. అయితే డాక్టరన్నట్టే దాని చిగుళ్ళు, నాలుక, కనుగుడ్ల తెలుపు అన్నీ నీలం తిరిగాయి. ఊళ్ళో పిల్లలు చూసి పరుగెత్తేవాళ్ళు. "ఇది కుక్క గాదు, పీనుగ లేసొచ్చింది. ఇంట్లకు రానియ్యకుండ్రి," అని అవ్వ చీపురు పట్టుకొని గడపలో నిలబడింది. సంతోషించవలసిన సంగతే కదా. నేను మాత్రం ఆ నీలం నోటిలోకి చెయ్యి పెట్టి చూసి, నీలంగా ఉందనుకున్నాను, అంతే.

నాయిన దొడ్డి దడి మొత్తం పీకి కాల్చేశాడు. గోడ పగుళ్ళు మట్టితో మెత్తి, పైన సున్నం పూశాడు. మందను వేరే చోటికి మార్చి, మిగిలిన గోమార్లను ఏరుకు తింటాయని పాత దొడ్డిలోకి కోళ్ళను వదిలాడు. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం, మందను చిన్నాయన దగ్గర విడిచి ఇంటికొచ్చి చుక్కిని పడుకోబెట్టేవాడు. చెవుల వైపు ఆయన, కాళ్ళ వైపు నేను. తల లోపల తెగిపోకుండా చర్మానికానించి పట్టుకొని నిదానంగా లాగాలని ఆయన చేసి చూపించాడే తప్ప నోటితో చెప్పలేదు.

అట్లా ఏరుతున్న ఒక మధ్యాహ్నమే, చిగుళ్ళ నీలం కొద్దికొద్దిగా విడుస్తున్న రోజుల్లో, నాయిన తల ఎత్తకుండానే అన్నాడు. "మీ అమ్మను గూడ ఎక్కడికన్న తీస్కపోతే ఉండునేమో బిడ్డా. పోవాల్నని తెల్వకపాయె."

నేను ఊఁ అన్నాను. ఆయన చేతిలోని గోమారిని నిప్పులమీద వేశాడు. నేను ఇంకో కాలు పట్టుకున్నాను. ఆ మాట ఆయన మళ్ళీ ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు.

చుక్కి మరికొన్నేళ్ళు మంద కాచి, ముసలితనంతో పోయింది. నాయిన, అవ్వ, సాయిబు అందరూ పోయారు. ఇప్పుడు మా పల్లెలో గొర్రెలు తక్కువ, తోడేలును చూసినవాళ్ళు ఇంకా తక్కువ. గుట్టల కింద మేత భూములన్నీ పత్తిచేలయ్యాయి. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే పొద్దెక్కేలోపు ఆటోలో దవాఖానకు చేరుస్తున్నారు. ఎక్కడికి పోవాలో పసిపిల్లలకు కూడా తెలుసు. మంచి కాలమే ఇది, కాదనను. అమ్మ పోయేనాటికి ఆమె వయసెంతో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేవారు. పెళ్ళినాటి ఈడు తలుచుకొని లెక్క వేస్తే పాతిక దాటి ఉండదు. ఇప్పుడు ఆ వయసు ఆడపిల్లలు ఇంకా చదువుకుంటూనే ఉన్నారు.