డబ్బాల ఉన్నయి గద

ఆ రోజుల్లో మా గల్లీలో ఎవరి ఫోన్ నిండిపోయినా నా ప్రాణానికే వచ్చేది. కంప్యూటర్ తెలిసిన పిల్ల అని ఒకసారి పేరు పడితే ఇక ఆ మనిషికి ఆదివారమనేది ఉండదని నాకెవరూ చెప్పలేదు. నిజానికి నాకు తెలిసిన కంప్యూటర్ ఎంతని? తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే యూనిట్‌లో లారీ బిల్లులు టైపు చేసేదాన్ని. పొద్దున వికారాబాద్‌లో రైలెక్కడం, రోజంతా రాళ్ల కోత చప్పుడు వినడం, సాయంత్రం కనుబొమ్మల దాకా దుమ్ముతో మళ్లీ రైలెక్కడం. ఇంటికొచ్చేసరికి గడప మీద ఇద్దరో ముగ్గురో ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. "జర చూడు బిడ్డా, జాగ లేదంటుంది" అని ఒకరు, "మా మనవడి ఫొటోలు యాడికో పోయినయి" అని ఇంకొకరు. లోపల అమ్మ అన్నం పెట్టి మూత పెట్టేది. నేను చెప్పులు కూడా విప్పకుండా వాళ్ల ఫోన్లు పట్టుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద జాలేస్తుంది. కొంచెం కోపం కూడా వస్తుంది, ఎందుకంటే ఆ అలసటలో సగం తను కోరి నెత్తికెత్తుకున్నదే.

ఈ గోలకు ఒకేసారి మందు వేద్దామని నెట్‌వర్క్ హార్డ్ డ్రైవ్ అనేదాన్ని తెప్పించాను. టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్దది. వైఫై పెట్టె పక్కన కూర్చుంటుంది, ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలూ వీడియోలూ గాలిలోనే వెళ్లి అందులో చేరతాయి. అంత పొడుగు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. మొదటి రోజు నుంచీ అది డబ్బానే. లోపల రెండు డిస్కులుంటాయి, ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లో కూడా పడుతుంది. "ఒకటి కరాబైతే ఇంకోటి ఉంటది, ఇగ ఫికర్ లేదు" అని ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చాను. గంజ్ మార్కెట్‌లో కందుల కాంటా దగ్గర పనిచేసే మా నాయిన ఫోన్‌ను డబ్బాకు మరీ ముచ్చటగా ముడిపెట్టాను. ఫోన్‌లో ఏముంటే డబ్బాలో అదే ఉండాలి, ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. (ఈ మాట గుర్తుంచుకోండి. నేనైతే గుర్తుంచుకోలేదు.) తుడిచేసినవాటిని కొన్నాళ్లు దాచిపెట్టే చెత్తబుట్ట కూడా అందులో ఒకటి ఉండేది. జాగా దండగని దాన్ని నేనే మూసేశాను.

డబ్బాకు మొదటి శత్రువు అమ్మ. మా అమ్మకు గోడ మీద వెలుగుతున్న స్విచ్ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇల్లు దాటితే అన్నీ బంద్, ఆకాశం ఉరిమితే అన్నీ బంద్. వికారాబాద్‌లో వానాకాలం ఉరమని రోజేది? డబ్బా ఇరవై నాలుగు గంటలూ నడవాలని చెప్పాను, స్విచ్ మీద 'ఆపొద్దు' అని రాసి అంటించాను.

"ఎవ్వరు చూడనప్పుడు అది కుయ్యిమని ఎందుకు నడుస్తదే?" అనేది అమ్మ.

"దాని పనే అదమ్మా."

"మనిషికన్న నిద్రుంటది. దాన్ని గూడ జర పండనియ్యి."

ఆ కాగితం మీద అమ్మ తడిచేతుల మరకలు పడి పడి చివరికి 'ఆ' అనే అక్షరం ఒక్కటే మిగిలింది. నేనూ పోట్లాడి పోట్లాడి అలసిపోయాను.

ఇక మా పక్కింటి ఖాలా సంగతి చెప్పాలి. ఖాలా అంటే పిన్ని, గల్లీ అంతా ఆమెను అట్లాగే పిలిచేది. గాజులు అమ్మేది, ఒంటరి మనిషి. ఆమె భర్త పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన మాట్లాడుతుండగా తీసిన వీడియో ఈ భూమ్మీద ఒకే ఒక్కటుంది, నిమిషం కూడా ఉండదు, ఖాలా పాత ఫోన్‌లో. మంచం మీద కూర్చుని సీతాఫలం విప్పుతుంటాడాయన. ఖాలా ఫోన్ పట్టుకుని తీస్తుంటుంది. పండు ముందుకు జరిపి, "బంద్ కర్ వో, పైలే ఖా" అంటాడు. అది ఆపు, ముందు తిను అని. అంతే వీడియో. ఖాలా రోజూ మధ్యాహ్నం అది పెట్టుకుని చూసుకునేది. గోడ అవతలి నుంచి ఆయన గొంతు మాకూ వినిపించేది.

ఒకరోజు ఆ ఫోన్ వెనక మూత లేచి కనిపించింది. బ్యాటరీ ఉబ్బింది. అట్లాంటివి అంటుకుంటాయని విన్నదాన్ని గనక భయపడి, వెంటనే ఆ వీడియోను నాయిన ఫోన్‌లోకి పంపి, అక్కడి నుంచి డబ్బాలోకి చేర్చాను. "ఖాలా, ఇగ ఆ ఫోన్ పారెయ్యి. నీ వీడియో మా డబ్బాల ఉంది, నా పాణం లెక్క చూసుకుంట" అన్నాను. ఆమె తలూపింది. వారం తర్వాత అడిగితే ఇంకా పారెయ్యలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అడిగాను. నాలుగోసారి అడిగినప్పుడు ఖాలా కొత్త నీలం బకెట్ తెచ్చి చూపించింది. "పాత ఫోన్లకు బకెట్లిచ్చే బండాయన వచ్చిండు బిడ్డా. ఇచ్చేసిన. తాండూరాయనట, పెద్ద మీసాలున్నయి." నా గుండె నిండిపోయింది. నా మాట విని ఒక పెద్దమనిషి మారింది అనుకున్నాను.

తర్వాత రెండు నెలలకు, ఒక బుధవారం మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. అమ్మ మామూలుగా డబ్బా బంద్ చేసింది. అదే సాయంత్రం నాయిన ఫోన్ నిండిపోయి కొత్త ఫొటో తియ్యనన్నది. (శుభోదయం బొమ్మలు పంపే స్నేహితులు నాయినకు గంజ్ నిండా ఉన్నారు.) నాయిన శాంతంగా కూర్చుని ఫోన్‌లో ఉన్నవన్నీ తుడిచేశాడు. ఎందుకు తుడవడు? కూతురు అన్నిసార్లు చెప్పింది కదా, అన్నీ డబ్బాలో భద్రమని. అప్పటికి ఖాలా వీడియో నిజంగానే భద్రం. డబ్బా ఆగి ఉంది కాబట్టి ఈ తుడిచిన సంగతి దానికి తెలియదు. అమ్మ చేతి చలవ.

నేను రైలు దిగి వచ్చాను. డబ్బా చీకటిగా ఉంది. నాకు ఒళ్లు మండింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని అరిచి స్విచ్ వేశాను. నీలం లైట్లు టకటకా కొట్టుకోవడం మొదలెట్టాయి, ఎన్నడూ లేనంత హుషారుగా. నేను నడుము మీద చేతులు పెట్టుకుని, "చూడు, పాపం ఎంత పని చేస్తుందో" అని అమ్మకు చూపించాను. అది చేస్తున్న పని ఏమిటంటే, ఫోన్‌లో లేనివి తన దగ్గరా ఉండకూడదని నేను పెట్టిన ఆజ్ఞ ప్రకారం, ఒకటొకటే తుడిచిపెట్టడం. ఒక డిస్కు తుడిచింది, రెండోది దాన్ని చూసి తుడిచింది. నేను నిలబడి మురిసిపోయాను.

సంగతి తెలిసింది నాయిన నోట.

"నా ఫోన్ ఇప్పుడు మస్తు అల్కగ, దూది లెక్క అయింది బిడ్డా, అన్ని తుడిచేసిన."

"అన్నీనా?"

"డబ్బాల ఉన్నయి గద."

డబ్బాలో నాయిన ఫోన్‌కు ఇచ్చిన అర తెరిచి చూశాను. శుభ్రంగా ఉంది, అలికిన ఇల్లులా. ఉన్నది ఒక్కటే ఫొటో, నాయిన అప్పుడే తీసిన కందుల బస్తాది. మర్నాడు ఆఫీసు మానేసి డబ్బాను చంకలో పెట్టుకుని రిపేరు దుకాణాలన్నీ తిరిగాను. అందరూ ఒకటే మాట, పోయింది మేడం అని. ఆ సాయంత్రం గాజుల మూట సర్దుకుంటూ ఖాలా నన్ను చూసి నవ్వింది. నేను డబ్బాను వెనక దాచుకుని ఇంట్లోకి దూరాను. పోయినవాటిలో మా ఇంటి ఫొటోలు చాలా ఉన్నాయి, వాటికి ఏడుపు రాలేదు. ఆయన గొంతుకు వచ్చింది. నేను చెప్తేనే కదా ఆమె ఫోన్ ఇచ్చేసింది.

ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ మీసాలాయనను పట్టుకోవడం. తాండూరులో మధ్యాహ్నం తిండి మానేసి వీధులు తిరిగాను. "పలిగిన ఫోన్లు, చార్జింగ్ ఎక్కని ఫోన్లు తెచ్చుకోండి, బకెట్లు టబ్బులు తీసుకపోండి" అని మైకు ఎక్కడ వినిపిస్తే అక్కడికి పరుగు. తాండూరులో పెద్ద మీసాలు లేని మనిషి దొరకడం కష్టమని అప్పుడు తెలిసింది. ఒకాయన పద్మాసనంలా బండి మీద కాళ్లు ముడుచుకుని, "గిట్ల ఎంతమంది వస్తరు మేడం, ఇచ్చినప్పుడు ఖుషీగ ఇస్తరు, మల్ల ఏడ్సుకుంట వస్తరు" అన్నాడు. ఇంకొకాయన చచ్చిన ఫోన్ల గోనెసంచి చూపించాడు గానీ, ఊరికే చెయ్యి పెట్టనివ్వనన్నాడు, బేరం బేరమే. నా సంచిలో పడున్న నా పాత పగిలిన ఫోన్ ఆయనకిచ్చి, మోకాళ్ల మీద కూర్చుని సంచంతా కెలికాను. ఖాలా ఫోన్ లేదు. చేతులు నల్లబడ్డాయి. లేచేసరికి ఆయన ధర్మంగా ఒక గులాబీరంగు టబ్బు చేతిలో పెట్టాడు.

దాన్ని పట్టుకుని సాయంత్రం రైలెక్కాను. చిన్నపిల్లకు నీళ్లు పొయ్యగలిగినంత టబ్బు. పైన పెట్టే జాగా లేక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ మర్యాదగా అడిగి తన కూరగాయల సంచి అందులో పెట్టింది. పక్కనాయన కూడా ఏదో పెట్టాడు. నాకు వద్దనే ఓపిక కూడా లేదు. వికారాబాద్ వచ్చేదాకా వాళ్ల సామాన్లు మోస్తూ, ఖాలాకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఒక్క మాటా కుదరలేదు.

గల్లీ మొదట్లోనే ఖాలా ఎదురైంది. టబ్బును చూసింది.

"నువ్వు గూడ ఫోన్ ఇచ్చినవా బిడ్డా?"

అంతే, టబ్బు కింద పెట్టేసి అక్కడే ఏడ్చాను. నాయిన తుడిచింది, నేను స్విచ్ వేసింది, తాండూరు మీసాలు, గోనెసంచి, అంతా చెప్పేశాను. "నా తప్పే ఖాలా. నీకున్నది గదొక్కటే, నేనే పోగొట్టిన." ఖాలా నన్ను తన గడప మీద కూర్చోబెట్టి లోపలికి పోయింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. దస్తీలో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. విప్పితే అదే ఫోన్. వెనక మూత చదునుగా ఉంది.

"బ్యాటరీ ఉబ్బితే బ్యాటరీ మారుస్తరు గద బిడ్డా" అంది ఖాలా. "ఫోన్ పారేస్తరా? టేషన్ కాడ దుకాణంల కొత్తది ఏపిచ్చిన."

"మరి ఆ బకెట్?"

"సంతల కొన్న."

"మరి తాండూరు మీసాలాయన?"

"నువ్వు వారం వారం అడుగుతుంటివి. రోజంత పనిజేసొచ్చి మా అందరి కోసం గంత తకలీఫ్ పడుతుంటివి. ఇయ్యలేదంటే నీ మనసు చిన్నబోతదని ఏదో ఒకటి చెప్పిన. మీసాలు నోటికొచ్చినయి, అన్న." దస్తీ మడతపెడుతూ మళ్లీ అంది, "మధ్యాన్నం నువ్వు ఇంట్ల ఉండవు గద, అప్పుడు చప్పుడు తక్కువ పెట్టుకుని చూస్తున్న. మీ అమ్మ ఇంటే నీకు ఎరకైతదేమోనని."

రెండు నెలలు ఆమె తన మొగుడి గొంతును తన ఇంట్లోనే దొంగతనంగా విన్నది, నా పరువు కోసం. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, మళ్లీ ఏడుపొచ్చింది. ఖాలా ఫోన్‌ను నా చేతిలో పెట్టి, "ఇంకోసారి నీ డబ్బాల పెట్టుకో. నీకు ధైర్నంగ ఉంటది" అంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకదాన్ని వారానికొకసారి మాత్రమే స్విచ్ వేస్తాను, మిగతా రోజులు అమ్మ మాట ప్రకారం పడుకునే ఉంటుంది. యాలాల్‌లో మా అక్క ఇంట్లో ఇంకో నకలు ఉంది. చెత్తబుట్ట తెరిచే ఉంది. ఖాలా కనిపించినప్పుడల్లా "డబ్బ మంచిగున్నదా బిడ్డా?" అని ఇంట్లో ముసలాళ్లను అడిగినట్టు అడుగుతుంది. ఆమె ఫోన్ పెట్టెలోనే ఉంది, మూడో బ్యాటరీ నడుస్తోంది. మధ్యాహ్నాలు గోడ అవతలి నుంచి ఆ గొంతు మళ్లీ మామూలు చప్పుడుతోనే వినిపిస్తుంది.

గులాబీ టబ్బులో ఇప్పటికీ బట్టలు నానబెడతాను. దాన్ని చూసినప్పుడల్లా, రైల్లో ఊరందరి సామాన్లూ ఒళ్లో మోస్తూ, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్న ఆ దుమ్ముకొట్టుకున్న పిల్ల గుర్తొస్తుంది. పక్కన కూర్చుని, ఒళ్లోంచి ఆ సామాన్లూ, చేతిలోంచి గల్లీ ఫోన్లన్నీ తీసి అవతల పెట్టి, చెప్పాలనిపిస్తుంది: బంద్ కర్ వో, పైలే ఖా.